తరువాయి భాగం: ధారావాహిక బొమ్మల గాథలు, ప్రేక్షక స్పందన, విమర్శ

విషయక్రమం

1. లక్ష్యాలు
2. విషయ పరిచయం
3. మూడు రకాల కథలు, మూడు రకాల ఎదురుచూపులు
4. స్పందనను పరిశీలించడానికి పనికివచ్చే సూత్రాలు
5. కట్టప్ప సమస్య: ఔచిత్య విచారణ
6. పూర్తికాని కృతిపై తీర్పు
7. స్పందన నుంచి విమర్శకు
8. సారాంశం
9. నమూనా ప్రశ్నలు, అభ్యాసం

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• భాగాలుగా వెలువడే కాల్పనిక గాథపై ప్రేక్షకుడు స్పందించే తీరును వివరించగలుగుతారు.
• తోలుబొమ్మలాట, చందమామ ధారావాహికలు, 'బాహుబలి' యానిమేషన్ గాథలు అనే మూడింటిని పోల్చి చూడగలుగుతారు.
• రసవిఘ్నాలు, ఔచిత్యం, ఆకాంక్షల పరిధి అనే భావనలను ఉదాహరణలతో అన్వయించగలుగుతారు.
• మీ ఇష్టాయిష్టాలను కారణాలతో కూడిన విమర్శగా రాయగలుగుతారు.

2. విషయ పరిచయం

సాహిత్య విమర్శ అనగానే చాలామంది విద్యార్థుల మనసులో ఒక చిత్రం ఉంటుంది. గ్రంథం పూర్తిగా అచ్చయి మన చేతికి వచ్చింది, దానిని మొదటి నుంచి చివరి వరకు చదివాం, ఆ తర్వాత గుణదోషాలు నిర్ణయించాం. ఇప్పటిదాకా మీరు చదివిన పాఠాలలో కావ్యాన్నీ నవలనూ ఈ పద్ధతిలోనే పరిశీలించాం. అయితే ఈనాడు మనలో ఎక్కువమంది కథలను అందుకునే తీరు ఇది కాదు. వారానికి ఒక భాగం వస్తుంది. చూస్తాం. వెంటనే మాట్లాడుకుంటాం. వచ్చే వారం ఏం జరుగుతుందో ఊహిస్తాం. ఊహ తప్పితే కోపం తెచ్చుకుంటాం, నిజమైతే గర్వపడతాం. ఆ గాథకు ముగింపు వచ్చేసరికి దానిపై మన అభిప్రాయాలు పదిసార్లు మారి ఉంటాయి.

కనిగిరిలో డిగ్రీ చదువుతూ పగలు దుకాణంలోనో, పొలంలోనో, గ్రానైట్ పనిలోనో ఉండి, రాత్రి ఫోనులో ఒక యానిమేషన్ గాథ చూసే విద్యార్థిని తీసుకుందాం. ఆ భాగం గురించి తెల్లవారి మిత్రుడితో అతడు అన్న మాటలు విమర్శ అవుతాయా? 'అవి ఉబుసుపోక కబుర్లు' అని పండితులు తోసిపుచ్చవచ్చు. 'నేను అభిమానిని, నా మాటే తీర్పు' అని ఆ విద్యార్థి అనవచ్చు. ఈ రెండు వైఖరులూ సరికావని ఈ పాఠం ప్రతిపాదిస్తుంది. భాగం చూసిన వెంటనే కలిగే స్పందనలో విమర్శకు కావలసిన ముడిసరుకు నిండుగా ఉంటుంది. అయితే ముడిసరుకును పనిముట్లతో మలిస్తే తప్ప అది వస్తువు కాదు. ఆ పనిముట్లు మన అలంకారశాస్త్రంలోనూ, ఆధునిక పాశ్చాత్య విమర్శలోనూ ఉన్నాయి.

3. మూడు రకాల కథలు, మూడు రకాల ఎదురుచూపులు

బొమ్మలు కదలడం, కథ అద్భుతంగా ఉండడం, అది భాగాలుగా సాగడం: ఈ మూడు లక్షణాలను దృష్టిలో పెట్టుకుంటే యానిమేషన్ గాథ మనకు పూర్తిగా కొత్తది కాదు. దాని పూర్వరూపాలతో పోల్చినప్పుడే దాని ప్రత్యేకత తెలుస్తుంది. ప్రేక్షకుడికి కథ ముందుగా ఎంత తెలుసు అన్న ప్రశ్నను ఆధారం చేసుకుని ఇక్కడ మూడు రకాలను గుర్తిద్దాం.

3.1 తెలిసిన కథ: తోలుబొమ్మలాట

పలుచగా చేసిన తోలుపై బొమ్మ గీసి, రంగులు అద్ది, చిల్లులు పొడిచి, తెల్లని తెర వెనుక దీపం వెలుగులో ఆడించడం తోలుబొమ్మలాట. ఆంధ్రదేశపు తోలుబొమ్మలు పరిమాణంలో పెద్దవి, కాంతి చొచ్చుకుపోయే రంగులు గలవి. రామాయణ భారత కథలను రాత్రుల తరబడి, ఒక్కో రాత్రి ఒక్కో ఘట్టంగా ఆడేవారు. మెట్ట ప్రాంతాలలో వానలు ముఖం చాటేసినప్పుడు విరాటపర్వం ఆడిస్తే వర్షం కురుస్తుందన్న నమ్మకం ఉండేది. కనిగిరి, పామూరు, పొదిలి వంటి వర్షాధార సీమలో ఆ నమ్మకానికి ఎంత బరువు ఉంటుందో ఈ ప్రాంతపు విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఆట చూసేవారిలో రాముడు గెలుస్తాడా అని సందేహించినవారు ఎవరూ ఉండరు. హనుమంతుడు లంకను కాలుస్తాడని పసిపిల్లలకూ తెలుసు. మరి రాత్రంతా మేలుకుని దేనికోసం చూశారు? ఎలా కాలుస్తాడో చూడటానికి. ఈ బృందంవారి హనుమంతుడు ఎంత ఎత్తుకు ఎగురుతాడు, రావణుడి గొంతు ఎంత గంభీరంగా పలుకుతుంది, కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఈసారి ఎవరిని ఆటపట్టిస్తారు అని చూశారు. హాస్యపాత్రలు ఆ ఊరి సంగతులనే కథలోకి లాగేవి. ప్రేక్షకుల నవ్వునుబట్టి ఆటగాడు ఆ హాస్యాన్ని పొడిగించేవాడు, లేదా కుదించేవాడు. అంటే ఇక్కడ స్పందన ఆట ముగిశాక పుట్టేది కాదు, ఆటలోనే ఒక భాగం. కథ స్థిరం, ప్రదర్శన చరం. ప్రేక్షకుడి తీర్పు ప్రదర్శన మీద.

3.2 తెలియని కథ: చందమామ ధారావాహికలు

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామను ప్రారంభించారు. తెనాలి ప్రాంతం నుంచి వెళ్లి 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం, 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' అనే 12 ధారావాహికలు రాశారు. రెండు దశాబ్దాలకు పైగా తెలుగు పిల్లలు నెలనెలా ఎదురుచూసిన కాల్పనిక గాథలివి. చిత్ర గీసిన బొమ్మలు వీటికి ప్రాణం. బొమ్మ కదలదు గాని, మాంత్రికుడు చేయి ఎత్తిన క్షణాన్ని, ఖడ్గం దిగబోయే క్షణాన్ని పట్టుకుంటుంది. ఆ కదలికను పాఠకుడు తన మనసులో పూర్తిచేసుకునేవాడు.

ఈ కథలకు పురాణాధారం లేదు. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు ఏమవుతారో ఊళ్లో పెద్దలెవరికీ తెలియదు. తాతను అడిగినా చెప్పలేడు. తెలుగు బాలపాఠకుడికి ఇది ఒక కొత్త అనుభవం. తరువాతి కథ తెలిసినవాడు ఊళ్లో లేనప్పుడు ప్రతి పిల్లవాడి ఊహకూ సమానమైన విలువ వస్తుంది. ఆ రోజుల్లో రైలు లేని కనిగిరి వంటి ఊరికి పత్రిక బస్సులో రావాలి, ఒక ప్రతి పది ఇళ్లు తిరగాలి. ఆ లోగా కథను ముందుగా చదివినవాడికి దక్కే గౌరవమూ, దాన్ని బయటపెట్టకుండా ఊరించే అధికారమూ చిన్నవి కావు.

మరొక విషయం గమనించండి. ఈ ధారావాహికలకు రచయిత పేరు వేసేవారు కాదు. బొమ్మ కింద చిత్ర సంతకం కనిపించేది గాని, కథ ఎవరిదో దశాబ్దాలపాటు సామాన్య పాఠకుడికి తెలియదు. అందువల్ల ఆ పాఠకుడి స్పందన కేవలం కథపైనే నిలిచింది. నచ్చకపోతే మాంత్రికుడిని తిట్టుకున్నాడు, రచయితను తిట్టలేదు. ఈనాటి అభిమానికి దర్శకుడు, రచయిత, చిత్రకారుడు, గొంతు ఇచ్చిన నటుడు అందరి పేర్లూ తెలుసు. అతడి కోపం కథలోని దుష్టుడి మీద నుంచి కథ చెప్పినవాడి మీదికి క్షణంలో మారుతుంది. ఇది స్పందన స్వభావంలో వచ్చిన పెద్ద మార్పు.

3.3 సగం తెలిసిన కథ: 'బాహుబలి' యానిమేషన్ గాథలు

2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి: ది బిగినింగ్' చిత్రం, బాహుబలిని తానే చంపానని కట్టప్ప చెప్పడంతో ముగిసింది. రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. మధ్యలో దాదాపు 22 నెలలు తెలుగునాట, ఆ మాటకొస్తే దేశమంతటా, ఒకే ప్రశ్న తిరిగింది: కట్టప్ప ఎందుకు చంపాడు? టీ కొట్టులో, బస్సులో, తరగతి గదిలో దీనిపై జరిగిన చర్చను మీలో చాలామంది విని ఉంటారు. వెండితెర కథకు తరువాయి భాగం కోసం జనం సామూహికంగా ఊహలు అల్లిన సందర్భం మన కాలంలో ఇంతటిది మరొకటి లేదు.

అదే 2017లో 'బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్' అనే యానిమేషన్ ధారావాహిక మొదలైంది. 2024 మే 17న 'బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్' అనే 9 భాగాల గాథ డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ప్రారంభమైంది. ఎస్. ఎస్. రాజమౌళి, గ్రాఫిక్ ఇండియాకు చెందిన శరద్ దేవరాజన్ దీని వెనుక ఉన్నారు. ఇవి రెండూ చలనచిత్ర కథకు పూర్వం జరిగినవాటిని చెబుతాయి. రెండవదానిలో రక్తదేవుడనే యుద్ధనాయకుడి నుంచి మాహిష్మతిని కాపాడడానికి బాహుబలి, భల్లాలదేవుడు చేతులు కలుపుతారు.

ఇక్కడి ప్రేక్షకుడి స్థితి పై రెండింటికీ భిన్నమైనది. ఈ సంఘటనలు అతడికి తెలియవు, కాని ఈ మనుషుల అంతం తెలుసు. మాహిష్మతి కూలదు. అన్నదమ్ములు విడిపోతారు. కట్టప్ప ఒకనాడు బాహుబలిని వెన్నుపోటు పొడుస్తాడు. కనుక 'రక్తదేవుడు గెలుస్తాడా?' అన్న ప్రశ్నకు చందమామ కథలోని ఉత్కంఠ రాదు. ఈ రకపు గాథకు ఇది పుట్టుకతో వచ్చిన బలహీనత. కోటకు ఎంత పెద్ద ప్రమాదం గీసి చూపినా అది కోటను కూల్చదని చూసేవాడికి తెలుసు. దీనిని పూరించుకోవడానికి రచయితకు ఒకటే దారి ఉంది. ప్రమాదాన్ని కోట గోడల మీద నుంచి మనుషుల మనసుల్లోకి మార్చాలి. అన్నదమ్ములు పక్కపక్కన నిలబడి పోరాడుతున్న దృశ్యం చూసి మనకు సంతోషం కలగాలి, ఆ సంతోషం అడుగున 'ఇది నిలవదు' అన్న దిగులు ఉండాలి. ఆ దిగులు కలిగిన భాగాలు సఫలం. కేవలం కత్తుల మోత మిగిలిన భాగాలు విఫలం. అభిమానులు 'ఈ భాగం బాగుంది, ఆ భాగం సాగదీశారు' అన్నప్పుడు చాలాసార్లు ఈ భేదాన్నే పసిగడుతున్నారు, దానికి పేరు పెట్టలేకపోతున్నారు. పేరు పెట్టడం విమర్శకుడి పని.

4. స్పందనను పరిశీలించడానికి పనికివచ్చే సూత్రాలు

4.1 ఖాళీలు, ఆకాంక్షల పరిధి

జర్మనీలోని కాన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ ఐజర్, హాన్స్ రాబర్ట్ యౌస్ పాఠకుడిని కేంద్రంగా చేసుకుని సాహిత్యాన్ని పరిశీలించారు. రచనలో చెప్పకుండా వదిలిన ఖాళీలను పాఠకుడు తన ఊహతో పూరిస్తాడని ఐజర్ వాదన. డికెన్స్ నవలలను భాగాలుగా చదివిన పాఠకుల ఉదాహరణతో, భాగానికీ భాగానికీ మధ్య వచ్చే విరామం ఈ ఖాళీని పెద్దది చేస్తుందని ఆయన చూపారు. చందమామ ధారావాహిక నెలకు సరిపడా ఖాళీని వదిలింది. 2015లో బాహుబలి 22 నెలల ఖాళీని వదిలింది. అన్ని భాగాలనూ ఒకేసారి విడుదల చేస్తే ఈ ఖాళీ మాయమవుతుంది. ఒక్క రాత్రిలో 9 భాగాలూ చూసేసిన ప్రేక్షకుడికి కథ అందుతుంది గాని, కథతో కలిసి జీవించే కాలం అందదు.

ప్రతి పాఠకుడూ కొన్ని అంచనాలతో కృతిని సమీపిస్తాడని, వాటిని కృతి తీర్చే తీరు, దాటే తీరు గమనించాలని యౌస్ చెప్పాడు. దీనిని ఆకాంక్షల పరిధి అంటున్నాం. యానిమేషన్ బాహుబలిని చూసే తెలుగువాడి ఆకాంక్షల పరిధిలో ప్రభాస్, రాణా, సత్యరాజ్, రమ్యకృష్ణల ముఖాలున్నాయి. గీసిన ముఖం ఆ ముఖాలతో సరిపోలడం లేదన్న అసంతృప్తి సహజం. కాని అది ఆకాంక్షకు చెందిన అసంతృప్తి, కృతిలోని దోషం కావలసిన అవసరం లేదు. ఈ రెంటినీ వేరుచేసి చూడడం విద్యార్థి మొదట అలవరచుకోవలసిన క్రమశిక్షణ.

4.2 రసవిఘ్నాలు

నాట్యశాస్త్రానికి రాసిన అభినవభారతిలో అభినవగుప్తుడు రసానుభూతికి ఏడు విఘ్నాలు చెప్పాడు. వాటిలో మూడింటిని మన విషయానికి అన్వయిద్దాం.

మొదటిది, చూసేదానిని సంభవమని నమ్మలేకపోవడం. నమ్మలేనిదానిలో మనసు నిలవదు, నిలవని మనసుకు రసం లేదు. అసాధారణ కార్యాలను చూపేటప్పుడు రాముడి వంటి ప్రసిద్ధులను నాయకులుగా తీసుకోవాలని ఆయన సూచించిన పరిష్కారం. తరతరాల ప్రసిద్ధి వల్ల వారిపై విశ్వాసం ముందే నాటుకుని ఉంటుంది. 2021 జనవరిలో మొదలైన 'ది లెజెండ్ ఆఫ్ హనుమాన్' యానిమేషన్ ధారావాహికలో హనుమంతుడు సముద్రం దాటితే ఎవరూ ఎలా అని అడగరు. అదే పని కొత్తగా కల్పించిన వీరుడు చేస్తే అతడి శక్తికి కారణం చూపాలి, హద్దులు చూపాలి, దానికి అతడు చెల్లించే మూల్యం చూపాలి. దాసరి కథల్లో మాంత్రికుడి శక్తికి ఎప్పుడూ ఒక లోపం, ఒక షరతు ఉండడం ఈ దృష్టితో చూస్తే అర్థమవుతుంది. బాహుబలి ఈ రెంటికీ నడుమ ఉన్నాడు. అతడు పురాణపురుషుడు కాడు. అయినా రెండు చలనచిత్రాల ప్రసిద్ధి అతడికి పురాణంవంటి విశ్వాసాన్ని కొంత తెచ్చిపెట్టింది.

రెండవది, మూడవది ఒక జంటగా చూడవచ్చు. అనుభవాన్ని 'ఇది నాది' లేదా 'ఇది ఫలానా వాడిది' అని కట్టిపడేసుకోవడం ఒకటి, తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం మరొకటి. అభిమానికి ఎక్కువగా అడ్డుపడే విఘ్నాలివే. 'మా హీరో ఓడిపోకూడదు' అనుకున్న క్షణంలో చూసేవాడు సహృదయుడి స్థానం నుంచి పక్షవాది స్థానానికి జారాడు. ఓటమిలోని కరుణరసం అతడికి అందదు, అవమానం మాత్రమే అందుతుంది. 2025లో 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రాన్ని థియేటర్లలో భక్తిభావంతో చూసినవారు ఉన్నారు. భక్తుడి అనుభవం గౌరవించదగినది. అయితే ఆ అనుభవాన్ని ఆధారంగా చేసుకుని చిత్రరచన, కథనం, సంభాషణల గుణదోషాలు నిర్ణయించలేం. భక్తి వేరు, అభిమానం వేరు, విమర్శ వేరు. ఒకే మనిషిలో మూడూ ఉండవచ్చు. ఏది మాట్లాడుతున్నదో తెలిసి ఉండాలి.

5. కట్టప్ప సమస్య: ఔచిత్య విచారణ

'క్రౌన్ ఆఫ్ బ్లడ్' ప్రచార చిత్రం వెలువడినప్పుడు ప్రేక్షకులను కలవరపెట్టిన అంశం ఒకటుంది. కట్టప్ప రక్తదేవుని పక్షాన నిలిచి బాహుబలితో తలపడుతున్నట్లు అందులో కనిపించింది. పాత ప్రశ్న కొత్త రూపంలో తిరిగివచ్చింది. కట్టప్ప ఇలా చేస్తాడా?

అభిమానులు అడిగే 'ఇలా చేస్తాడా?' అన్న ప్రశ్నకు మన శాస్త్రంలో ఔచిత్యం అని పేరు. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని ఆనందవర్ధనుడు చెప్పాడు. క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో దానినే కావ్యానికి ప్రాణంగా నిలబెట్టాడు. పాత్రకు తగిన పని చేయించడం ఔచిత్యం. అయితే తగినది ఏది అని నిర్ణయించడానికి ఆ పాత్ర సారం ఏమిటో ముందు తేల్చుకోవాలి.

కట్టప్ప సారం బాహుబలిపై ప్రేమ అని కొందరు అనుకుంటారు. బాహుబలి అతడిని 'మామా' అని పిలుస్తాడు, అతడు ఆ పిల్లవాడిని తన చేతులతో పెంచాడు. ఈ దృష్టి గలవారికి కట్టప్ప శత్రుపక్షాన నిలవడం ద్రోహం. కాని చలనచిత్రాలు రెండూ చెప్పినది వేరు. కట్టప్ప పూర్వుల మాటకు, సింహాసనానికి బానిస. ప్రేమ ఉన్నా, ఆజ్ఞ వచ్చినప్పుడు చంపాడు. శివగామి ఆజ్ఞను పాటించి, ఆ తర్వాత జీవితాంతం దహించుకుపోయాడు. అతడి సారం ప్రేమకూ మాటకూ మధ్య నలిగిపోవడం. ఈ దృష్టితో చూస్తే, కట్టప్పను బాహుబలికి ఎదురుగా నిలబెట్టడం తనంతట అనౌచిత్యం కాదు. ఎదురు నిలిచినప్పుడు ఆ నలుగుబాటు కనిపిస్తున్నదా అన్నది పరీక్ష. నలుగుబాటు ఉంటే రాబోయే విషాదానికి అది పూర్వఛాయ. అది లేకుండా కేవలం ప్రేక్షకుడిని ఆశ్చర్యపరచడానికే అయితే అది పాత్రను వాడుకోవడం.

కథకుడికి మార్పులు చేసే స్వేచ్ఛ ఉందా అన్న సందేహానికి కూడా మన దగ్గర సమాధానముంది. రసానికి అడ్డుపడే అంశం ఇతివృత్తంలో ఉంటే దానిని విడిచిపెట్టి తగిన కల్పన చేసుకోవచ్చని ఆనందవర్ధనుడు అనుమతించాడు. 1957లో వచ్చిన 'మాయాబజార్' దీనికి మనకు దగ్గరి ఉదాహరణ. చందమామ స్థాపకులే నిర్మించిన ఆ చిత్రంలోని శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. భారతకథలో పాండవులు తెరపై కనిపించకుండానే చిత్రం నడుస్తుంది. అయినా తెలుగు ప్రేక్షకుడు అభ్యంతరం చెప్పలేదు. ఎందుకు? కృష్ణుడు కృష్ణుడిలాగే కొంటెగా ఉన్నాడు, శకుని శకునిలాగే పాచిక వేశాడు, ఘటోత్కచుడు తన బలంతోపాటు తన అమాయకత్వాన్నీ తెచ్చుకున్నాడు. సంఘటన కొత్తది, స్వభావం పాతది. సగం తెలిసిన కథ నిలబడడానికి ఇదే నియమం.

6. పూర్తికాని కృతిపై తీర్పు

ఇప్పుడు అసలు చిక్కుకు వచ్చాం. 9 భాగాల గాథలో 3 భాగాలే వచ్చినప్పుడు దానిపై మాట్లాడే అధికారం మనకు ఉందా? ముగింపు చూడకుండా కట్టప్ప ప్రవర్తనకు కారణం తెలియదు కదా?

ఒక వాదం ప్రకారం, పూర్తయ్యేదాకా మౌనంగా ఉండాలి. ఇది జాగ్రత్తగా కనిపిస్తుంది గాని ఆచరణలో నిలవదు. ధారావాహిక ప్రతి భాగాన్నీ ఒక అనుభవంగా ప్రేక్షకుడి ముందు పెడుతున్నది. ఆ అనుభవం గురించి మాట్లాడే హక్కు అతడికి ఉంది. పైగా స్పందన కథను మార్చగలదు. ఆర్థర్ కోనన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపేశాడు. పాఠకులు నిరసన తెలిపారు. 1903లో హోమ్స్ బతికి తిరిగివచ్చాడు. తోలుబొమ్మలాటలో ప్రేక్షకుల నవ్వు కేతిగాడి హాస్యాన్ని పొడిగించినట్లే ఇది. స్పందనకు ఇంతటి శక్తి ఉన్నప్పుడు అది బాధ్యతగా ఉండాలి గాని, నోరుమూసుకోవడం బాధ్యత కాదు.

రెండవ వాదం ప్రకారం, ప్రతి భాగంపై అక్కడికక్కడే అంతిమ తీర్పు ఇవ్వవచ్చు. ఇదీ సరికాదు. మధ్యలో అతకనట్లు కనిపించినది చివరికి అతకవచ్చు. 2015లో కట్టప్ప చర్య అర్థంకాని ఘాతుకం. 2017లో అది విషాదం. మధ్యకాలంలో 'ఇది అతకలేదు' అని తీర్పు చెప్పినవాడు తొందరపడ్డాడు. 'దీనికి కారణం చూపకపోతే ఇది అతకదు' అన్నవాడు సరైన మాట అన్నాడు.

ఈ రెండవ వాక్యం రూపాన్ని గుర్తుంచుకోండి. పూర్తికాని కృతిపై విమర్శ షరతుతో కూడిన తీర్పుగా ఉండాలి. ఇప్పటికే కంటికి కనబడినవాటిపై, అంటే చిత్రరచన, కదలిక, గొంతు, అనువాద భాష, ఒక భాగంలోపలి కథన వేగంపై నిశ్చయంగా మాట్లాడవచ్చు. ఇంకా తేలని పాత్రల ఆంతర్యంపై, కథ దిశపై షరతుతో మాట్లాడాలి. నిశ్చయానికీ షరతుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలిసినవాడే ధారావాహిక విమర్శకుడు.

అనువాద భాష గురించి ఒక మాట. ఈ గాథలలో చాలావరకు తెలుగులోకి డబ్బింగ్ అయి వస్తున్నాయి. పెదవి కదలికకు సరిపెట్టడానికి వాక్యాన్ని విరగ్గొట్టడం, రాజుకూ సేవకుడికీ ఒకే మర్యాద వాడడం, పౌరాణిక సంభాషణలో ఆఫీసు తెలుగు జొరబడడం తరచు వినిపిస్తాయి. చలనచిత్రాలలో కట్టప్ప గొంతులోని గాంభీర్యం విన్న చెవికి ఇది ఇంకా కటువుగా తోస్తుంది. మీరు తెలుగు విద్యార్థులు. బొమ్మల గురించి ప్రపంచంలో ఎవరైనా మాట్లాడగలరు. ఈ భాష గురించి మాట్లాడవలసింది మీరే. మన ప్రాంతపు ప్రేక్షకుడు మౌనంగా ఉంటే, అతడికి ఎటువంటి తెలుగు ఇచ్చినా చెల్లుతుందన్న అభిప్రాయం స్థిరపడుతుంది.

7. స్పందన నుంచి విమర్శకు

'అదిరింది', 'బోర్ కొట్టింది' అన్న మాటల దగ్గర ఆగిపోకుండా ముందుకు వెళ్లడానికి ఈ క్రమం పనికివస్తుంది.

(అ) మీకు ఏమి కలిగిందో దాచకుండా రాయండి. ఉత్కంఠా, విసుగా, దుఃఖమా? స్పందన లేని విమర్శ ఎండిన కట్టె.

(ఆ) అది ఏ దృశ్యంలో, ఏ క్షణంలో కలిగిందో గుర్తించండి. 'భాగమంతా' అనే మాట వాడకండి.

(ఇ) దానికి కారణం కృతిలో ఉందా, మీ ఆకాంక్షలో ఉందా అని ప్రశ్నించుకోండి. పాత నటుడి ముఖం గుర్తుకువచ్చి నచ్చకపోతే అది ఆకాంక్ష. ఆ ముఖంలో కోపం, బాధ ఒకేలా గీసి ఉంటే అది కృతి.

(ఈ) పాత్ర ప్రవర్తన గురించి మాట్లాడేటప్పుడు ఆ పాత్ర సారాన్ని ఒక వాక్యంలో నిర్వచించండి. ఆ తర్వాతే ఔచిత్యం చర్చించండి.

(ఉ) రాబోయే భాగాల మీద ఆధారపడిన తీర్పుకు షరతు జోడించండి. తరువాయి భాగం వచ్చాక మీరు రాసినదాన్ని తిరిగి చదవండి. ఊహ తప్పినా ఫరవాలేదు. ఎందుకు తప్పిందో చెప్పగలిగితే అదే మంచి విమర్శ.

8. సారాంశం

భాగాలుగా వచ్చే బొమ్మల గాథలను ప్రేక్షకుడికి కథ ఎంత తెలుసు అన్నదానినిబట్టి మూడు రకాలుగా చూశాం. తోలుబొమ్మలాటలో కథ తెలుసు, ఎదురుచూపు ప్రదర్శన కోసం. చందమామ ధారావాహికలలో కథ తెలియదు, ఎదురుచూపు సంఘటన కోసం. బాహుబలి యానిమేషన్ గాథలలో అంతం తెలుసు, మధ్య తెలియదు, ఎదురుచూపు మనిషి స్వభావం కోసం. ఖాళీలు, ఆకాంక్షల పరిధి, రసవిఘ్నాలు, ఔచిత్యం అనే సూత్రాలు ఈ స్పందనను అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. పూర్తికాని కృతిపై విమర్శ సాధ్యమే గాని, అది నిశ్చయాన్నీ షరతునూ వేరుగా ఉంచుకోవాలి. అభిమాని మాటను విమర్శకుడు తక్కువగా చూడకూడదు, అభిమాని తన మాటను అక్కడితో వదిలేయకూడదు.

9. నమూనా ప్రశ్నలు, అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. తెలిసిన కథ, తెలియని కథ, సగం తెలిసిన కథ: ఈ మూడింటిలో ప్రేక్షక స్పందన ఎలా మారుతుందో సోదాహరణంగా వివరించండి.
2. కట్టప్ప పాత్ర ఆధారంగా ఔచిత్య సిద్ధాంతాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. అభినవగుప్తుడు చెప్పిన మొదటి రసవిఘ్నాన్ని యానిమేషన్ గాథలకు అన్వయించండి.
2. రచయిత పేరు లేకపోవడం చందమామ పాఠకుల స్పందనను ఎలా ప్రభావితం చేసింది?
3. షరతుతో కూడిన తీర్పు అంటే ఏమిటి?

III. అభ్యాసం
మీ ఊరిలో తోలుబొమ్మలాట చూసిన ఒక పెద్దవారినీ, చందమామ ధారావాహికలు చదివిన ఒకరినీ, ఇప్పుడు యానిమేషన్ గాథలు చూస్తున్న ఒక పిల్లవాడినీ కలవండి. 'తరువాతి భాగం కోసం ఎదురుచూసేటప్పుడు మీరు ఏమి ఊహించేవారు?' అన్న ఒకే ప్రశ్న ముగ్గురినీ అడగండి. వారి జవాబులను వారి మాటల్లోనే రాసుకుని, పై సూత్రాలలో ఏవి వర్తిస్తాయో రెండు పుటలలో వివరించండి. వారి మాటలను దిద్దకండి. వారు వాడిన పలుకుబడే మీ వ్యాసానికి తొలి ఆధారం.